నరానికెక్కిన మందు రక్తంలో ఎంత?

మదనపల్లె చుట్టుపక్కల టమోటా వేసే రైతు ఇంట పురుగుల మందు సీసా ఉండనే ఉంటుంది. అది ఎవరి కడుపులోకైనా పోయిందంటే పుంగనూరు నుంచైనా కుప్పం పల్లెల నుంచైనా ఆసుపత్రికి పరుగే. ఆర్గానోఫాస్ఫేట్ రకమైతే ఇచ్చే విరుగుడు మందులు ముఖ్యంగా రెండు: అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్. రెండోదాన్ని వార్డులో అందరూ 'పామ్' అంటారు.

అట్రోపిన్ మోతాదుకు యంత్రం అక్కర్లేదు. ఛాతీలో గురగుర తగ్గిందా, నాడి పెరిగిందా, బీపీ నిలిచిందా అని చూస్తూ డాక్టరు మందు పెంచుతారు. మరీ ఎక్కువైతే రోగి సంధి మాటలు మొదలుపెడతాడు. ఉమ్మెత్త తిన్నవాళ్లూ అలాగే పలవరిస్తారు, అందులో ఉన్నదీ ఈ మందే కదా! పామ్ మోతాదు చాలిందో లేదో ఇలా పైకి తేలదు.

దానిమీద వాదన పాతదే. 1990లలో వెల్లూరు సీఎంసీ వైద్యుల పరీక్షల్లో పామ్‌తో మేలు కనిపించలేదు. 2006లో మహారాష్ట్రలోని బారామతి నుంచి వేరే కబురు వచ్చింది. అక్కడ 200 మందికీ మొదట రెండు గ్రాములిచ్చారు. తర్వాత నాలుగు గంటలకో గ్రాము అందుకున్న వందమందిలో 8 మంది పోయారు. గంటకో గ్రాము చొప్పున ఆగకుండా ఎక్కించిన వందమందిలో పోయింది ఒక్కరే. ఆరోగ్యవంతుల ఒంట్లో పామ్ సుమారు గంటంబావుకే సగమవుతుంది. ఆ లెక్కన నాలుగు గంటలకు మిగిలేది తొమ్మిదో వంతు. రోగి కిడ్నీలు మందగిస్తే ఈ లెక్కా తప్పుతుంది. అందుకే కొలవాలి.

కొలత నర్సు చేతిలో మొదలవుతుంది. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి రక్తం తీయకూడదు. తీస్తే సెలైన్ సీసాలోని పామ్‌నే కొలిచినట్టు. రెండో చెయ్యి చూసుకోవాలి, నిమిషంతో సహా వేళ రాయాలి. రక్తాన్ని గిర్రున తిప్పి ప్లాస్మా వేరుచేసి ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తారు. ల్యాబులో అందులో అసిటోనైట్రైల్ పోస్తే, నిమ్మరసం పడ్డ పాలలా ప్రొటీన్లు విరిగి అడుగుకు చేరతాయి. పైన తేరిన ద్రవాన్ని సన్నని కాలమ్ గుండా పంపుతారు. నీళ్లను బాగా ఇష్టపడే పామ్ మామూలు కాలమ్‌లో నిలవదు, కాబట్టి దాన్ని కాసేపు పట్టి ఉంచే రకం కావాలి. పామ్ అణువుకు ధన విద్యుదావేశం పుట్టుకతోనే ఉంది. అందుకే మాస్ స్పెక్ట్రోమీటర్ 137 బరువు దగ్గర దాన్ని పట్టి, ముక్కలు చేసి, ఆ ముక్కలతో పోల్చుకుంటుంది. ప్లాస్మాలోని ఇతర పదార్థాలు సంకేతాన్ని అణచివేయవచ్చు. ఆ నష్టం తెలియడానికి బరువైన హైడ్రోజన్‌తో చేసిన పామ్‌ను ప్రతి నమూనాలో సరిగ్గా ఒకే కొలతలో ముందే కలుపుతారు.

ఇంతచేసీ జవాబు వచ్చేసరికి రోగి పరిస్థితి అటో ఇటో తేలిపోతుంది. ఈ పని ఫలితం దక్కేది తర్వాత వచ్చే రోగులకే అని నా అభిప్రాయం. రక్తంలో పామ్ లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉండాలన్న పాత హద్దు కూడా 1961లో పిల్లుల మీద తేలినది.

అంకె అందినా చాలదు. 2009లో ప్రచురితమైన శ్రీలంక పరీక్షలో పురుగుల మందు పట్టి ఆపేసిన ఎంజైమును కొందరి రక్తంలో పామ్ తిరిగి పనిచేయించింది గానీ, మరణాలు తగ్గలేదు. తాగిన పురుగుల మందు రకం, అప్పటినుంచి గడిచిన సమయం కూడా లెక్కలోకి రావాలి. మోనోక్రోటోఫాస్ లాంటివి పట్టిన ఎంజైములో సుమారు నాలుగు గంటల్లోనే సగం పామ్‌కు లొంగని స్థితికి చేరుతుంది. క్లోర్‌పైరిఫాస్ రకమైతే ఒక రోజుకు పైనే గడువు ఉంటుంది. కాబట్టి రోగితో పాటు ఖాళీ సీసా కూడా ఆసుపత్రికి రావాలి, కేసు షీటులో మందు తాగిన వేళ రాయాలి.