శాస్త్ర పరిభాష – తెలుగు ప్రత్యయములు

మన విజ్ఞానశాస్త్ర పాఠ్యగ్రంథములలో ఒక లోపము తరచుగా కనిపించుచున్నది. కొత్త నామపదము కావలసినప్పుడెల్ల రచయితలు సంస్కృత ప్రత్యయములనే ఆశ్రయించుచున్నారు. తెలుగున అట్టి ప్రత్యయములు లేవా?

ముందు ప్రత్యయమనగా నేమో చూతము. జగిత్యాల ప్రాంతమున మేడిపల్లి అను ఊరున్నది. ఆ పేరులో ‘మేడి’, ‘పల్లి’ రెండును స్వతంత్ర పదములు. కనుక అది సమాసము. ‘మంచితనము’లోని ‘తనము’ విడిగా నిలువదు, అది ప్రత్యయము. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) తద్ధిత, కృదంత పరిచ్ఛేదములలో ఇట్టి పదముల నిర్మాణమును వివరించినది.

కూడు ధాతువునకు ‘ఇక’ చేరగా కూడిక, ఒత్తునకు ‘ఇడి’ చేరగా ఒత్తిడి, కొలుచునుండి ‘త’తో కొలత ఏర్పడినవి. వీనిని బాలుడు బడికి రాకముందే ఎరుగును. అయినను పుస్తకములలో ఒత్తిడికి బదులు పీడనము, రాపిడికి బదులు ఘర్షణ వాడబడుచున్నవి. ఘర్షణ అనగా మనకు తగవు కూడ స్ఫురించును. రాపిడిలో ఆ సందిగ్ధత తక్కువ. నిర్వచనము ఏ పదమునకైనను చెప్పవలసినదే కదా!

అట్లని సంస్కృత ప్రత్యయములన్నిటిని త్రోసివేయుట న్యాయము కాదు. బాష్పీభవనములోని ‘ఈభవనము’ తనంతట అగుటను, అయనీకరణములోని ‘ఈకరణము’ చేయుటను సూచించును. ఇంత పొందికైన జంట తెలుగున లేదు. తెలుగు ప్రత్యయములన్నియు సజీవములును కావు. ‘తనము’తో నేటికిని కొత్త మాటలు పుట్టుచున్నవి, కలిమి, లేమి, వేడిమి పదములలోని ‘మి’ దాదాపు ఆగిపోయినది.

బాల్టిక్ భాషల అనుభవము ఇచ్చట గమనింపదగినది. ఆక్సిజన్‌ను లిథువేనియన్‌లో ‘దెగువోనిస్’ అందురు. మండుటను తెలుపు ‘దెగ్’ ధాతువునకు దేశీయ ప్రత్యయము చేర్చిరి. లాట్వియన్‌లో ‘స్కాబెక్లిస్’, ఇందును ప్రత్యయము దేశీయమే, కాని మూలపదమునకు పులుపని అర్థము. ఆమ్లములన్నిటిలో ఆక్సిజన్ ఉండునన్న లావోజియే భావనయే ఆ పేరునకును, మన ‘ఆమ్లజని’కిని ఆధారము. హైడ్రోక్లోరిక్ ఆమ్లములో ఆక్సిజన్ లేదని 1810 ప్రాంతమున డేవీ నిరూపించెను. కనుక దేశీయ ప్రత్యయము పదమును సుబోధము చేయును గాని, సత్యము చేయజాలదు.

పరిభాషను కూర్చువారు రెండు ప్రశ్నలు వేసికొనవలెను: మూలపదము శాస్త్రసమ్మతమా? ప్రత్యయము విద్యార్థికి పరిచితమా? రెండవ ప్రశ్నను విడిచినచో విద్యార్థి విషయమును గ్రహింపక పదమును వల్లించును.