దాచే చోటా, చేసే చోటా?

మా అన్నయ్య కూతురు హైదరాబాద్‌లో సొంతంగా యాప్ డిజైన్లు చేస్తోంది. ఈ వారం ఫోన్ చేసి, "బాబాయ్, నెలనెలా ఒక్కదానికే కట్టగలను. ఫైళ్లు దాచే డ్రాప్‌బాక్స్‌కి కట్టనా, డిజైన్ చేసే ఫిగ్మాకా?" అని అడిగింది. ఇంత సూటి ప్రశ్న విని చాలా రోజులైంది. సంతోషమేసింది.

నా పాత పాట ఒకటుంది: రెండుచోట్ల లేని ఫైలు ఫైలే కాదు. "దాచుకోవడానికే కట్టమ్మా" అని నోటిదాకా వచ్చింది. ఇన్‌విజన్ సంగతి చూశాం కదా. ఒకప్పుడు ప్రోటోటైప్ అనగానే డిజైనర్లకు గుర్తొచ్చే పేరు, 2024 చివరికి ఆ సేవ మూతపడింది. ఫిగ్మానైతే 2,000 కోట్ల డాలర్లకు కొంటానని 2022లో అడోబీ ప్రకటించి, మరుసటి ఏడాది డిసెంబరులో వెనక్కి తగ్గింది. మనం పనిచేసే చోటు రేపు ఎవరిదో మనకు తెలియదు.

కానీ ప్రెస్‌లో పనిచేసిన రోజులు అడ్డొచ్చాయి. అప్పుడు తెలుగు పుస్తకాలన్నీ పేజ్‌మేకర్‌లో కట్టేవాళ్లం. యూనికోడ్ ఇంకా మా దాకా రాలేదు, ఒక్కో డీటీపీ సెంటర్‌ది ఒక్కో ఫాంటు. పుస్తకం అచ్చుకెళ్లగానే ఫైళ్లు సీడీలో ఎక్కించి, పేరు రాసి, బీరువాలో పెట్టేవాళ్లం. చాలా ఏళ్లకు ఒక కథల సంపుటి రెండో ముద్రణకొచ్చింది. సీడీ మీద గీత కూడా పడలేదు. ఫైలు తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటీ లేదు, వరసగా ఇంగ్లిష్ గుర్తులు. కొట్టిన ఫాంటు ఆ కంప్యూటర్లో లేదు మరి. రచయిత ఇంట్లో ఉన్న అచ్చుప్రతి చూసి మొత్తం మళ్లీ కంపోజ్ చేశారు.

ఆ పుస్తకాన్ని నిలబెట్టింది మేం దాచిన ఫైలు కాదు, ఎవరైనా చదవగలిగే ప్రతి. యాప్ డిజైన్‌కైనా అంతే. అచ్చుప్రతి లాంటిది ఒకటి ఉండాలి: ప్రతి స్క్రీనూ పీడీఎఫ్‌గా, బటన్ నొక్కితే ఏది ఎక్కడికి వెళ్తుందో చూపే స్క్రీన్ రికార్డింగ్ వీడియోగా. ఆ కదలిక పీడీఎఫ్‌లోకి రాదు కాబట్టి వీడియో తప్పనిసరి. ఇవన్నీ కలిపినా బరువు తక్కువే. డ్రాప్‌బాక్స్ ఉచితంగా ఇచ్చే 2 జీబీ, గూగుల్ ఇచ్చే 15 జీబీ ఆమె పనికి ఇప్పటికి సరిపోతాయి. పైగా సింక్ అంటే బ్యాకప్ కాదు. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది, గడువు దాటాక తిరిగి రాదు. అందుకే ఇంట్లో ఒక హార్డ్ డిస్క్ కూడా కావాలి.

అందుకని ఫిగ్మాకే కట్టమన్నాను. క్లయింట్ తన ఫోన్లో లింకు తెరిచి, బటన్ నొక్కి, "ఇక్కడ ఆగిపోయాను" అని చెప్పేది అక్కడే. డిజైన్ బాగుపడేదీ అక్కడే. డబ్బు పని బాగుపడే చోట పెట్టాలి. దాచడానికి కావలసింది ప్రతి నెలాఖరునా ఒక పూట ఓపిక, అది ఏ చందాతోనూ రాదు.