లామకాన్‌లో చిత్రప్రదర్శన

చిత్రకారునికి గోడ సమకూర్చవలసిన వారెవరు? కుమ్హారికి చేరువలోని భిలాయిలో ఆ బాధ్యతను ఉక్కు కర్మాగారమే వహించి నెహ్రూ ఆర్ట్ గ్యాలరీని నెలకొల్పింది. హైదరాబాదు బంజారాహిల్స్‌లో 2010లో ప్రారంభమైన లామకాన్‌కు అటువంటి అండ లేదు. ఈ ఉర్దూ పేరుకు స్థలాతీతమని అర్థం. ఉన్నది మాత్రం నిక్షేపమైన ఇల్లే. ఛాయాగ్రాహకుడు మొయిద్ హసన్ ఒకప్పటి నివాసమది. చౌకగా సమోసా, చాయ్ అమ్మే క్యాంటీన్ దాని నిర్వహణకు ముఖ్యాధారం.

నాటకానికీ, గానానికీ, చర్చకూ ఈ ఇల్లు చక్కగా అమరింది. బండరాళ్ల చెంతనున్న ఆరుబయలు వేదికపై వక్తకూ, ఎదుట కూర్చున్న శ్రోతకూ నడుమ దూరమే ఉండదు. చిత్రప్రదర్శన సంగతి వేరు. చిత్రం నిశ్శబ్దాన్నీ, నిలకడైన వెలుగునూ కోరుతుంది. చాయ్ గ్లాసు చేతబట్టి, మాటల మధ్య ఒక చూపు చూసి సాగిపోయే ప్రేక్షకునికి రంగులు కనబడతాయేగాని చిత్రం కనబడదు. ఇది చిన్న లోపం కాదు.

అయినా, గాజు తలుపుల గ్యాలరీలో అడుగిడ జంకే విద్యార్థికి ఆ ఒక్క చూపైనా దక్కేది ఇటువంటి చోటనే. దానిని కాసేపు నిలిపి ఉంచే పూచీ నిర్వాహకులది. బొమ్మ పక్కన తెలుగులో, ఉర్దూలో నాలుగు వాక్యాలు, చిత్రకారునితో ఒక సాయంకాలం ముఖాముఖి: వీటికయ్యే ఖర్చు పది పళ్లేల సమోసాలకు మించదు.