కొయ్యలో కొయ్య

నార్వే రేవు పట్నం స్తవాంగర్‌లో, తెల్లరంగు పూసిన పాత చెక్క ఇళ్ల పక్కన, ఒక బ్యాంకు 2019లో తన కొత్త కార్యాలయంలో కాలుపెట్టింది. ఆ భవనం పేరు ఫినాన్స్‌పార్కెన్, ఏడంతస్తులు. పునాది కాంక్రీటే, పైన లేచిన కట్టడం మాత్రం చాలావరకు కలప. పొరలు పొరలుగా అతికించిన దూలాలు స్తంభాల మీద వాలతాయి. కీళ్ల దగ్గర కొయ్యనే కొయ్యలోకి దించి బిగించారు. లోపలి చావడిలో చెక్క మెట్లదారి తీగలా మెలికలు తిరుగుతూ పైకి పాకుతుంది. పాత ఇళ్ల వైపు వచ్చేసరికి భవనం ఎత్తు తగ్గుతుంది, పెద్దల ముందు కాస్త వంగినట్టు. హెలెన్ అండ్ హార్డ్, సాహా సంస్థల వాస్తుశిల్పుల పని ఇది.

ఆ కీళ్లు చూసిన కళ్లతో ఈ బ్యాంకు చరిత్రనూ చూడాలి.

దీని మూలం 1839లో పుట్టిన ఎగెర్సున్ పొదుపు బ్యాంకు. ఎగెర్సున్ నైరుతి తీరాన చిన్న రేవు ఊరు. బ్యాంకు పెట్టిన నాలుగేళ్లకు, 1843లో, అక్కడ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. తర్వాత లేచిన చెక్క ఇళ్లు స్త్రాన్‌గాతెన్ వీధిలో నేటికీ నిలిచి ఉన్నాయి.

నార్వేలో పొదుపు బ్యాంకులు 1822లో క్రిస్టియానియాలో, అంటే నేటి ఓస్లోలో, మొదలయ్యాయి. వాటి అసలు పనితనం ఒక ఖాళీలో ఉంది: తొలినాళ్లలో వాటికి వాటాదారుడే లేడు. లాభం ఎవరి జేబులోకీ పోయేది కాదు. మిగులు నిధిలో చేరేది, అందులో కొంత ఊరి మంచికి తిరిగొచ్చేది. యజమాని అనే మేకు లేకుండా, దాచుకున్నవాడి సొమ్మూ అప్పు తీసుకున్నవాడి అవసరమూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి.

కలప తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఆ కదలికకు చోటిచ్చే కీలే మన్నుతుంది. ఈ బ్యాంకూ అలాగే కదిలింది. 1976లో ఎగెర్సున్ బ్యాంకు సహా రూగలాన్ ప్రాంతంలోని 22 పొదుపు బ్యాంకులు ఒక్కటయ్యాయి. 2012లో సంస్థ వాటాల కంపెనీగా మారింది. పాత సూత్రం అక్కడితో తెగిపోయిందనవచ్చు. కానీ నాలుగో వంతుకు పైగా వాటాలు ఒక ధర్మనిధి చేతికి వచ్చాయి. ఎవరి సొంతమూ కాని ఆ పాత సొమ్ము ఇవాళ యజమానుల వరుసలో కూర్చుంది. 2024లో మరో విలీనంతో బ్యాంకు పేరూ మారింది. ఎగెర్సున్‌లో బిగిసిన ఆ కీలు మాత్రం ఇంకా వదులు కాలేదు.