ఏ పేరుతో పిలవమంటారు?

విజయవాడ వన్ టౌన్‌లో కౌన్సెలింగ్‌కి వచ్చిన మనిషిని ముందుగా అడగాల్సింది ఈ మాటే అని నా నమ్మకం. కృష్ణా డెల్టాలో చాలామంది దళిత క్రైస్తవులకు రెండు పేర్లుంటాయి. బడి రికార్డుల్లో ఒకటి, చర్చిలో ఒకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు కూడా వర్తింపజేశారు. క్రైస్తవులకు మాత్రం లేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి కింద ఒక్క శాతం కోటాలోకి వస్తారు. అందుకే కాగితం మీద ఒక మతం, ఆదివారం నాడు ఇంకొకటి.

ప్రమోషన్ వచ్చినప్పట్నుంచి నిద్ర పట్టడం లేదని, అలా ఎస్సీ సర్టిఫికెట్‌తో చేరిన ఒక ఉద్యోగిని వచ్చిందనుకుందాం. ఉద్యోగ ఒత్తిడి అని రాసుకుంటే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. ఆమె భయం వేరు. మేనకోడలి పెళ్ళిలో, చర్చిలో తీసిన ఫొటో ఎవరి కంటబడుతుందో, ప్రమోషన్ దక్కనివాళ్ళు ఎక్కడ ఫిర్యాదు పెడతారో అని. భర్తకు చెబితే ఉద్యోగం మానెయ్యమంటాడు. కులం, మతం, జీతం, ఆడపుట్టుక – వీటిలో ఏ ఒక్కటి పట్టుకున్నా ఆమె బాధ అందదు.

అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్షా 1989లో ఎత్తిచూపిందీ ఇదే. జనరల్ మోటార్స్ మీద నల్లజాతి స్త్రీలు వేసిన దావాలో 1976 నాటి కోర్టు వర్ణ వివక్షనూ లింగ వివక్షనూ కలిపి వినడానికి ఒప్పుకోలేదు. రెండు దెబ్బలూ ఒకే ఒంటి మీద పడుతున్నాయన్న సంగతి తీర్పులో ఎక్కడా ఇమడలేదు.

మరి గదిలో ఏం చెయ్యాలి? తెలుగులో పని పలకరింపుతోనే మొదలవుతుంది. ఒక అత్తాకోడళ్ళు కలిసి వచ్చారనుకోండి. అత్తగారిని "మీరు" అని, పాచిపనికి వెళ్ళే కోడలిని "నువ్వు" అని పిలిస్తే ఎవరి పక్షమో అక్కడే తేలిపోతుంది. ఇద్దరినీ "మీరు" అనే అనాలి. తర్వాత కోడలితో విడిగా మాట్లాడాలి. వన్ టౌన్ కొండమీది ఒంటిగది ఇళ్ళలో ఆ చాటు దొరకదు కాబట్టి కౌన్సెలింగ్ గదిలోనైనా దొరకాలి.

"మీదే ఊరండీ? ఇంటిపేరేంటి?" అని వచ్చినవాళ్ళే కౌన్సెలర్ని అడుగుతారు. కులం ఆరా తీయడానికి మనకున్న మర్యాదైన దారి అది. చాలామంది ఆ ప్రశ్న దాటేస్తారు. నన్నడిగితే దాటెయ్యకూడదు. "అడగడంలో తప్పేం లేదండీ. నా కులం ఫలానా అని తెలిస్తే నాతో చెప్పలేని సంగతి ఏమన్నా ఉందా?" అనాలి. అసలు మాట చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన రోగనిర్ధారణ గ్రంథంలో చేర్చిన సాంస్కృతిక ఇంటర్వ్యూలో 16 ప్రశ్నలున్నాయి. మీ కష్టాన్ని ఇంట్లోవాళ్ళకు ఏమని చెబుతారు, ఎందుకొచ్చిందనుకుంటున్నారు, ఇంతవరకు ఎవరి దగ్గరికి వెళ్ళారు వంటివి. ఇక్కడ ఆ చివరిదానికి దుర్గమ్మ, గుణదల మేరీమాత, దర్గా – మూడూ ఒకే నోట జవాబుగా రావచ్చు. వాటిని మూఢనమ్మకమని కొట్టిపారేస్తే వచ్చినవాళ్ళు మళ్ళీ గడప తొక్కరు.

నాస్తికులు స్థాపించిన సంస్థలు ఈ ఊళ్ళో భక్తుల కష్టాలు వింటూ వచ్చాయి. ఆ చరిత్ర నాకు అపురూపం. నాస్తికోద్యమకారుడు గోరా, ఆయన భార్య సరస్వతీ గోరా 1940లో ముదునూరులో పెట్టిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు వచ్చింది. 1969లో ఆ కుటుంబమే వాసవ్య మహిళా మండలిని మొదలుపెట్టింది. గోరా కొడుకు లవణం 1960లో కవి గుర్రం జాషువా కూతురు హేమలతను పెళ్ళి చేసుకున్నారు. జాషువాను హిందూ సమాజం కులం చూసి దూరం పెట్టింది, పురాణ కథలు రాశాడని చర్చి వెలేసింది. ఆ ఇంట పెరిగిన హేమలత తర్వాత స్టూవర్టుపురంలో, నేరస్థుల ముద్ర పడిన కుటుంబాల మధ్య పనిచేశారు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ వైద్యంలో కులం, మతం, లింగం, లైంగికత, వర్గం, వైకల్యం ఏవీ అడ్డు కాకూడదంటుంది. చట్టంలో కులం పేరెత్తడం మంచి పని.

కానీ మన ముందస్తు ఊహలు కూడా అడ్డొస్తాయి. ముస్లింలనగానే ఇంట్లో ఉర్దూ ఉంటుందనుకుంటాం. దూదేకులవాళ్ళది తెలుగే, బీసీ-బి కిందికి వస్తారు. వస్త్రలత బట్టల మార్కెట్లో గుమాస్తాగా చేసే దూదేకుల కుర్రాడికి ఉర్దూ రాదని సంబంధం తప్పిపోయిందనుకోండి. మతపెద్దలతో మాట్లాడిద్దామంటే ఇంకా ముడుచుకుపోతాడు. తెలుగు స్నేహితులకేమో అతను ఉత్త "సాయిబు". ఎవరి ముందు బెరుకు లేకుండా మాట్లాడగలవని అడిగితే మేనమామ పేరో, కొట్టు యజమాని పేరో చెబుతాడు. కుర్రాడు సరేనంటే వచ్చేసారికి ఆ మనిషిని వెంట రమ్మనాలి.