గిల్లే చేతుల దిగుబడి

చేవెళ్ల వైపు పాలీహౌస్ రైతును పలకరిస్తే ముందుగా షీటు గురించి చెబుతాడు. 200 మైక్రాన్లది, ఎండకు తట్టుకునేది. ఆ తర్వాత డ్రిప్పు, ఫాగర్లు, విత్తనం రకం. లోపల బెడ్ల మధ్య పనిచేసే ఆడవాళ్ల ఊసు కూలి రేటు దగ్గర మాత్రమే వస్తుంది, అదీ సణుగుడుగా. రంగు క్యాప్సికం విషయంలో ఈ వరుస తలకిందులైందని నా నమ్మకం.

మా బావమరిది పాలీహౌస్‌లో వీలు దొరికిన ఆదివారాల్లో నేనూ ఓ చెయ్యి వేస్తుంటాను. నారు నాటిన కొన్ని వారాలకు మొక్క మొదటి పంగ వేస్తుంది. సరిగ్గా ఆ పంగలోనే తొలి పువ్వు. దాన్ని తుంచెయ్యాలి. ఉంచితే ఆ ఒక్క కాయే లేత మొక్క బలాన్ని లాగేస్తుంది, పైగా కొమ్మల మధ్య ఇరుక్కుని వంకర తిరుగుతుంది. తొలి పూత తుంచడానికి నాకైతే మనసొప్పలేదు. "ఇప్పుడు జాలిపడితే చెట్టు ఆగమైతది సార్" అంది పక్క సాలులో ఉన్న అక్క, నా వంతువి కూడా తనే తుంచేస్తూ.

అక్కడి నుంచి మొక్కకు రెండే కొమ్మలు. ప్రతి కణుపు దగ్గరా క్యాప్సికం మళ్లీ చీలుతుంది. బలమైనదాన్ని పైకి పోనిచ్చి, రెండోదాన్ని ఒకట్రెండు ఆకులుంచి గిల్లాలి. ఆ ఆకులు కాయకు నీడ. బోడి చేస్తే ఎండదెబ్బకు కాయ మీద తెల్లటి మచ్చ పడుతుంది, గ్రేడింగులో అది పక్కకు పోతుంది. ఉంచిన కొమ్మను పైతీగకు కట్టిన దారానికి చుట్టాలి. ఇదంతా వారం పదిరోజులకోసారి, ఎకరాకు పదివేల మొక్కలకు.

ఇంత దగ్గరగా చూస్తారు కాబట్టి పురుగును మొదట పట్టేదీ వీళ్లే. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. మిరప చేలలో పనిచేసిన వాళ్లకు పై ముడత, కింది ముడత ఎవరూ నేర్పక్కర్లేదు. 2021లో గుంటూరు, ఖమ్మం మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పువ్వుల్లో దాక్కుంటుంది. నెట్టూ రెండు తలుపులూ ఉన్నా అది లోపలికి రాదన్న భరోసా లేదు. పువ్వును అరచేతిలో తట్టి చూసే అలవాటున్న మనిషి కావాలి.

నీళ్ల బాధ్యత మాత్రం యజమానిదే. కాయ అడుగు నల్లబడి కుళ్లితే అందరి చూపూ కాల్షియం నైట్రేట్ సంచి మీదికి పోతుంది. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉండనే ఉంటుంది. అది నీటితోపాటే కదులుతుంది. ఆకుల్లా కాయ ఆవిరి వదలదు కనుక దాని వాటా మొదటి నుంచీ తక్కువే. రెండ్రోజులు ఎండబెట్టి మూడోరోజు ముంచితే ఆ వాటా కూడా అందదు. రోజూ కొద్దికొద్దిగా తడపాలి, అంతే.

ఎండాకాలం గురించి ఎక్కువ చెప్పను. పగలు 32 డిగ్రీలు దాటిందంటే పూత రాలడం మొదలవుతుంది. మదనపల్లె, కుప్పం వాళ్లకు ఎత్తు కలిసొస్తుంది. మావాళ్లు వానాకాలంలో నాటి చలికాలపు కాపును నమ్ముకోవాలి.

ఆరుబయట హెక్టారుకు 20–40 టన్నులు పండే పంట లోపల 80–100 ఇస్తుందంటారు. అందులో షీటు వాటా ఎంత, వేళ్ల వాటా ఎంత అని ఎవరూ విడదీయరు. గిల్లడం నెలపాటు వాయిదా వేసిన బెడ్డు చూడండి. పచ్చగా, గుబురుగా, ఫొటోకు బాగుంటుంది. కాయలు మాత్రం పిడికిట్లో ఇమిడిపోతాయి. చిక్కేమిటంటే, ఈ పని ముమ్మరంగా ఉండే రోజుల్లోనే పత్తి ఏరడం మొదలవుతుంది, కూలీలు అటు పోతారు.

బావమరిది ఈసారి ఆ అక్కకు నెల జీతం కట్టాడు. కాయ ఎరుపెక్కేదాకా ఇంకో రెండు మూడు వారాలు చెట్టు మీదే ఉంచితే ధర పెరుగుతుంది, చెట్టు మాత్రం అలసి పై పూత రాల్చేస్తుంది. అలాంటి చెట్టుకు కింది కాయల్ని పచ్చిగానే కోసెయ్యాలి. ఏ చెట్టుకు ఎన్ని ఉంచాలో ఇప్పుడు అతను ఆమెనే అడుగుతున్నాడు.