కాశీయాత్రాచరిత్రయు ఉద్యోగి తీరికయు

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రాచరిత్రను మన పండితులు రెండు విధముల కొనియాడుచున్నారు. దేశచరిత్రకు సాధనమని కొందఱు, తెలుగు యాత్రావచనములలో మొదటిదని కొందఱు. అయినను ఇందు రసము లేదనియు, మజిలీల పట్టికయు అంగళ్ల లెక్కయు తప్ప వేఱేమియు కానరాదనియు చెప్పువారును లేకపోలేదు. ఈ యాక్షేపమునే ఇట విచారింతును.

గ్రంథకర్త చెన్నపట్టణపు సుప్రీముకోర్టున దుబాసి. చిన్ననాటనే కొలువున చేరినవాడు. 1830 మే నెలలో సెలవుపై బయలుదేఱి 1831 సెప్టెంబరున మరలివచ్చెను. అప్పటి కాతనికి సుమారు ఏబదియేండ్లు. సాక్షి పలికినది న్యాయాధిపతికిని, న్యాయాధిపతి అడిగినది సాక్షికిని అందించుటయే దుబాసి పని. పగలెల్ల నోట మెదలునవి పరుల మాటలే. తనకు తోచినది చెప్పుటకు అచట చోటు లేదు. అట్టివాడు దారిన పడి, కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల యను మిత్రునికై వ్రాయునపుడు మాత్రమే తన మాట తాను పలికినాడు. కావుననే ఆ భాష వ్యాకరణమునకు వెఱవదు. కసుబా, సవారీ వంటి పదములు సంకోచము లేక వచ్చి కూర్చుండును. పాఠశాలాపండితులు దీనిని విద్యార్థుల చేతికిచ్చుటకు వెనుదీయుట కిదియు నొక హేతువు కాబోలు.

ఇక పట్టికల మాట. సుమారు నూర్గురు పరివారముతో నడచువానికి సాయంకాలమునకు నీరు, నీడ, బియ్యము దొరకవలయును. మంచినీటి బావి యున్నదని వ్రాసినచోట ఆ దినపు బడలిక తీఱినట్లు చదువరికి తెలియును. కచేరిలో అలవడిన నిక్కచ్చితనమే ఇచట వేడుకగా మాఱినది. నా మతమున గ్రంథము బరువెక్కునది ఈ లెక్కలవలన కాదు. నడుమ నడుమ వచ్చు తత్త్వవిచారములవలన. అచట యాత్రికుడు మఱుగై ఉపన్యాసకుడు మిగులును.

హైదరాబాదు విడిచి ఉత్తరముగా నాగపురమునకు పోవుచు నాతడు నేటి కామారెడ్డి, నిజామాబాదు ప్రాంతములనుండి సాగి, గోదావరి దాటి నిర్మలు చేరెను. ఇందూరును బోధనును పడమట నిలిచిపోయినవి. నాడీ సీమకు నిజాముసాగరపు కాలువలు లేవు. మంజీరపై ఆ జలాశయము 1923లో మొదలై 1931లో ముగిసినది. 1937లో బోధను చెంత నెలకొల్పబడిన చక్కెర కర్మాగారమువలన శక్కరునగర మను పేరే పుట్టినది. 2015లో ఆ కర్మాగారము మూతపడినది.

అచట కొలువు చేసి విశ్రమించినవారు నేటికిని ఆ ప్రాంతమున కలరు. వారును కాశికి పోవుదురు. దాపుననే యున్న కందకుర్తి సంగమమున స్నానమాడుదురు. అయితే అట్టివారు యాత్ర వ్రాయబూనినచో కలము తఱచుగా స్థలపురాణమువైపే మరలును. గోపుర మెన్ని నిలువులో, దేవుని మహిమ యెట్టిదో పూర్వగ్రంథములే చెప్పియున్నవి. చెఱకుబండ్ల తూకము చూచిన కన్ను కాశీవీథిలో దేనిపై నిలిచినది? కార్తీకము వచ్చి, గానుగకాలపు కూత వినబడని తొలియేట ఆ తీరిక తీపియైనదా, చేదైనదా? రైలులో పంచుకొన్న సద్దిమూట రుచి యెట్టిది? వీరాస్వామయ్య యైనచో ఇవి విడువడు.

ఆతడు 1836లో గతించెను. శ్రీనివాసపిళ్ల ఆ వ్రాతలను భద్రపఱచి 1838లో అచ్చొత్తించెను; 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు పరిష్కరించి వెలువరించిరి. శక్కరునగరపు పూర్వోద్యోగుల యిండ్లలో దినచర్య పుస్తకములు, దారి ఖర్చుల చిట్టాలు, ఇంటికి వ్రాసిన కార్డులు ఉండకపోవు. బోధనునందలి యుపాధ్యాయులు వానిని అడిగి తీసికొని, అక్షరము మార్చక నకలు వ్రాయింపవలయును. భాష దిద్దు పని తరువాత చూచుకొనవచ్చును. దిద్దకున్నను నష్టము లేదు.